నీరసానికి ఎన్ని పేర్లు?

కొన్నేళ్ల క్రితం నేను తొమ్మిదో తరగతికి సైన్సు చెబుతున్నప్పుడు రెండో బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. చురుకైన పిల్ల. ఖోఖో ఆటలో ఆ పిల్లను ముట్టుకోవడం ఎవరివల్లా అయ్యేది కాదు. దసరా సెలవులు అయి బడి తెరిచాక ఏమైందో గాని, మధ్యాహ్నం పీరియడు వచ్చేసరికి బల్లమీద తల వాల్చేసేది. ఒకటి రెండుసార్లు చూసి ఊరుకున్నాను. మూడోసారి కోప్పడి, గంట కొట్టేదాకా నిలబడమన్నాను. పది నిమిషాలు కాకముందే కళ్లు తిరిగి కింద పడిపోయింది.

వాళ్ల అమ్మకు కబురు పెట్టాం. "ఏమీ తినడం లేదండీ మాస్టారూ. అన్నం ముందు కూర్చుంటే వికారమంటుంది. ఆవకాయ మాత్రం ఉత్తదే నాకేస్తుంది" అందావిడ. స్టాఫ్ రూములో ఉన్నవాళ్లమంతా నవ్వాం. మేం నవ్విన ఆ మాటలోనే జబ్బు ఆనవాలు ఉందని మాలో ఒక్కరికీ తట్టలేదు. నేను సైన్సు టీచర్ని. నాకూ తట్టలేదు.

ఊళ్లో డాక్టరుగారు రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 10.5 గ్రాములు వచ్చింది. ఆ వయసు పిల్లలకు 12 ఉండాలి. రక్తహీనత అన్నారు, ఇనుము మాత్రలు రాశారు. రెండు నెలలు మింగినా గుణం కనబడలేదు. వాంతులు, కడుపునొప్పి అంటే అరుగుదల మందులు ఇచ్చారు. అవీ పనిచేయలేదు. పిల్ల సన్నబడింది, రంగు తగ్గింది. "ఎండలో పడి ఆడితే నల్లబడక ఏమవుతుంది" అన్నారు ఇరుగుపొరుగు. చదువంటే భయం పట్టుకుందని ఇంకొకరన్నారు. పట్నం తీసుకువెళితే థైరాయిడ్ పరీక్షలో కొంచెం తేడా కనిపించింది, ఆ మాత్ర మొదలుపెట్టారు. తగ్గడం పోయి, పది రోజుల్లో మంచం పట్టింది. దానికి తోడు మామూలు జలుబు జ్వరం ఒకటి తగిలింది. ఒక రాత్రి వాంతులై స్పృహ తప్పితే పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ముందు సెలైన్ పెట్టించి, పిల్ల అరచేయి విప్పి గీతలు చూసిందట. పెదవి ఎత్తి చిగుళ్లు చూసిందట. తర్వాత తల్లివైపు తిరిగి, "పాప ఉప్పు ఎక్కువగా తింటుందామ్మా?" అని అడిగిందట.

ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో మీకు చెప్పాలి.

మన శరీరానికి వచ్చే జబ్బులు వేలకొద్దీ ఉన్నాయి. కాని వాటిని చెప్పుకోవడానికి శరీరానికి ఉన్న మాటలు చాలా తక్కువ. నీరసం, జ్వరం, నొప్పి, వాంతి, తలతిప్పు, బరువు తగ్గడం – వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి ఒకే మాటను ఎన్నో జబ్బులు వాడుకోక తప్పదు. నీరసం సంగతే చూడండి. రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గితే కండరాలకు ఆక్సిజన్ చాలదు, అది నీరసం. మెడలోని అవటు గ్రంథి, అదే థైరాయిడ్, మందగిస్తే కణాల్లో ఇంధనం మండే వేగం తగ్గుతుంది, అదీ నీరసమే. మధుమేహంలో ఇన్సులిన్ చాలక రక్తంలో చక్కెర నిండుగా ఉన్నా కణాలు దాన్ని సరిగా వాడుకోలేవు. క్షయలో రోగక్రిములతో జరిగే పోరాటంలోనే ఒళ్లు అరిగిపోతుంది. కారణాలు వేరు, రోగి నోట వచ్చే మాట ఒకటే: "ఓపిక లేదండీ."

ఈ వరుసలో చాలామందికి పేరు కూడా తెలియనిది అధివృక్క గ్రంథుల లోపం. వృక్కం అంటే మూత్రపిండం. దాని నెత్తిమీద టోపీలా కూర్చునేది కాబట్టి అధివృక్కం. రెండువైపులా రెండు ఉంటాయి. ఒక్కొక్కటి 4, 5 గ్రాములకు మించదు. లోపలి భాగం దవ్వ, పైభాగం వల్కలం. దవ్వనుంచి వచ్చే అడ్రినలిన్ గురించి మీరు పాఠంలో చదివే ఉంటారు. కుక్క తరిమితే గుండె దడదడలాడేది దానివల్లే. ప్రతి పరీక్షలోనూ అడిగేది దాన్నే. నిజానికి దవ్వ లేకపోయినా మనిషి బతకగలడు. వల్కలం లేకపోతే మందు లేనిదే బతకలేడు. పాఠ్యపుస్తకాలు దానికి రెండు వాక్యాలు కేటాయించి ముందుకు వెళ్లిపోతాయి, నాకెప్పుడూ అది అన్యాయంగానే తోస్తుంది.

వల్కలంనుంచి వచ్చే వాటిలో రెండు హార్మోన్లను గుర్తుంచుకోండి. కార్టిసాల్ ఒకటి, ఆల్డోస్టిరాన్ ఒకటి. తిండి లేని వేళ రక్తంలో చక్కెర మరీ పడిపోకుండా, రక్తనాళాలు సడలిపోకుండా చూసేది కార్టిసాల్. జ్వరం వచ్చినా, ఎముక విరిగినా, ఆపరేషను జరిగినా శరీరం దీన్ని మామూలుకంటే ఎన్నో రెట్లు తయారుచేస్తుంది. ఇక ఆల్డోస్టిరాన్ పని మూత్రపిండాల దగ్గర. మూత్రంలో పోబోతున్న సోడియాన్ని వెనక్కి లాగి, పొటాషియాన్ని బయటికి పంపిస్తుంది.

ఈ రెండూ తగ్గితే ఏమవుతుందో మీరే ఊహించగలరు. సోడియం మూత్రంలో పోతుంది, దాన్ని అంటిపెట్టుకుని నీరూ పోతుంది. రక్తం పరిమాణం తగ్గుతుంది. పడుకుని లేచి నిలబడగానే రక్తపోటు 20 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. మా అమ్మాయి తరగతిలో పడిపోయింది ఇందుకే. పోయిన ఉప్పుకోసం నాలుక తహతహలాడుతుంది. ఇంట్లో ఉప్పు బాగా దట్టించి ఉండే వస్తువు ఏది? ఆవకాయ జాడీ.

మరి నలుపు ఎందుకు? ఇది తెలుసుకోదగిన సంగతి. మేడమీద నీళ్లతొట్టిలో తేలే బంతి చూశారు కదా! నీరు తగ్గితే బంతి దిగుతుంది, కొళాయి తెరుచుకుంటుంది. తొట్టి నిండితే మూసుకుంటుంది. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి కార్టిసాల్ విషయంలో అలాంటి బంతే. కార్టిసాల్ తగ్గగానే ఏసీటీహెచ్ అనే హార్మోన్ వదిలి, "ఇంకా తయారుచెయ్యి" అని అధివృక్కాన్ని తొందరపెడుతుంది. కాని అధివృక్కం చెడిపోయింది. ఎంత చెప్పినా చేయలేదు. తొట్టికి చిల్లి పడితే కొళాయి పారుతూనే ఉన్నట్టు, పీయూష గ్రంథి ఏసీటీహెచ్‌ను కుమ్మరిస్తూనే ఉంటుంది. ఈ ఏసీటీహెచ్ ఒక పెద్ద ప్రోటీను ముక్కలైతే తయారవుతుంది. అదే ప్రోటీనునుంచి చర్మానికి రంగునిచ్చే కణాలను రెచ్చగొట్టే హార్మోన్ కూడా పుడుతుంది. పైగా ఏసీటీహెచ్ మోతాదు మించితే తానే ఆ కణాలమీద పనిచేస్తుంది. ఎక్కడో కడుపు లోపలి గ్రంథి చెడితే అరచేతి గీతల్లో నలుపు తేలడం వెనక ఉన్న కథ ఇది.

ఈ జబ్బును మొదట గుర్తుపట్టినవాడు లండన్‌లో గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్. అప్పటికి హార్మోన్ అనే మాటే పుట్టలేదు. ఆయన నిజానికి వెతుకుతున్నది వేరే జబ్బుకోసం. కారణం తెలియని ఒక రకం రక్తహీనతతో మనుషులు పాలిపోయి చనిపోతుంటే, ఎందుకో తేల్చాలని శవపరీక్షలు చేసేవాడు. అలా చూస్తుండగా కొందరిలో రక్తహీనతలాంటి నీరసమే ఉన్నా చర్మం పాలిపోవడానికి బదులు నల్లబడి ఉండటం, వాళ్ల అధివృక్క గ్రంథులు చెడిపోయి ఉండటం ఆయన కంటపడింది. 1849లో దీన్ని వైద్యుల సభలో చెప్పి, 1855లో 11 మంది రోగుల వివరాలతో ఒక పుస్తకం అచ్చువేశాడు. వారిలో పలువురి గ్రంథులను పాడుచేసింది క్షయ. మరుసటి ఏడాది పారిస్‌లో బ్రౌన్ సెకార్డ్ జంతువులకు ఈ గ్రంథులు తీసివేసి చూస్తే అవి కొద్దికాలంలోనే చచ్చిపోయాయి. అంతవరకు ఈ గ్రంథులెందుకున్నాయో ఎవరికీ తెలియదు. పారిస్ వైద్యుడు ట్రూసో ఈ జబ్బుకు అడిసన్ వ్యాధి అని పేరు పెట్టాడు. ఒకేలా కనబడే రెండు నీరసాలను వేరుచేయబోయి ఒక గ్రంథి ప్రాముఖ్యాన్నే కనిపెట్టాడన్నమాట అడిసన్.

పేరు దొరికింది గాని మందు దొరకడానికి దాదాపు వందేళ్లు పట్టింది. వల్కలం హార్మోన్లమీద పరిశోధనకు 1950లో కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీకి ఈ జబ్బు ఉన్నట్టు 1947లో లండన్‌లో తేలింది. అంతకు కొన్నేళ్లు ముందు తేలి ఉంటే ఆయన అధ్యక్షుడయ్యేదాకా బతికేవాడు కాదేమో. నిగనిగలాడే ఆయన ఒంటి రంగు చూసి జనం ఆరోగ్యం అనుకునేవారు.

సరే, మన ఊరికి వద్దాం. మొదట ఇనుము మాత్రలు రాసిన డాక్టరుగారిది తప్పా? నేను అలా అనుకోను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అడిసన్ వ్యాధి ఐరోపా దేశాల లెక్కల్లో 10 లక్షల మందిలో సుమారు 100 నుంచి 140 మందికి ఉంటుంది. నీరసమని వచ్చిన పిల్లకు మొదట రక్తహీనత అనుకోవడమే సరైన లెక్క. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మాత్రలు వాడినా గుణం కనబడనప్పుడు. "మందు పనిచేయలేదు" అన్నది కూడా ఒక పరీక్ష ఫలితమే. అప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వెళ్లాలి. అంతేకాదు, అధివృక్క లోపంలో హిమోగ్లోబిన్ కూడా కొంత తగ్గుతుంది. 10.5 అన్న అంకె నిజమే, అది కారణమనుకోవడమే పొరపాటు.

అయితే డాక్టర్లు వేరుచేసేది ఎలా? అందరికీ ఉన్న లక్షణాన్ని పట్టుకుని లాభం లేదు. ఒకరికి ఉండి ఒకరికి లేనిదాన్ని పట్టుకోవాలి. థైరాయిడ్ మందగిస్తే నీరసంతో పాటు బరువు పెరుగుతుంది, చలికి తట్టుకోలేరు, మలబద్ధకం, నాడి నెమ్మది. అదే థైరాయిడ్ అతిగా పనిచేస్తే బరువు తగ్గుతుంది గాని ఆకలి బాగా ఉంటుంది, గుండెదడ, చేతుల వణుకు. మీ వయసులో వచ్చే మధుమేహంలో బరువు తగ్గుతుంది, దాహం ఎక్కువ, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవాలి. క్షయలో సాయంకాలపు జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు. అధివృక్క లోపంలో బరువూ తగ్గుతుంది, ఆకలీ పోతుంది, ఉప్పుమీద యావ పుడుతుంది, నిలబడితే తలతిరుగుతుంది, రంగు మారుతుంది.

రంగు సంగతిలో మనదేశంలో ఒక ఇబ్బంది ఉంది. తెల్లవాళ్లలో నలుపు ఇట్టే కనబడుతుంది. మనలో చామనఛాయ, నలుపు సహజం. చిగుళ్లమీద నల్లమచ్చలు చాలామందికి పుట్టుకతోనే ఉంటాయి. కాబట్టి ఎంత నలుపు అని కాదు, మారిందా లేదా అని చూడాలి. మా అమ్మాయి విషయంలో డాక్టరమ్మ అడిగింది పాత ఫొటో. అంతకుముందు ఏడాది దిగిన గ్రూపు ఫొటో తెస్తే తేడా ఒక్క చూపులో తెలిసింది. ఎండకు నల్లబడితే బట్టలు కప్పినచోట నల్లబడదు. ఈ పిల్లకు అరచేతి గీతలు, మోచేతులు, నోటి లోపల, కొత్తగా మానిన గాయం మచ్చ కూడా నల్లబడ్డాయి. నోటి లోపలికి ఎండ ఎలా వెళుతుంది చెప్పండి!

అయినా నలుపు ఒక్కదాన్నే నమ్మకూడదు. బి12 విటమిన్ లోపంలోనూ నీరసం ఉంటుంది, వేళ్ల కణుపులు నల్లబడతాయి. కాకపోతే అక్కడ నాలుక నున్నబడుతుంది, పాదాలు తిమ్మిరెక్కుతాయి. ఒళ్లు చేసిన పిల్లల మెడమీద మకమల్‌లాంటి నలుపు వస్తుంది, దాని కారణం మరొకటి.

లక్షణాలతో అనుమానం వస్తుంది. తేల్చవలసింది పరీక్ష. సాధారణంగా రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్, పొటాషియం 3.5 నుంచి 5 వరకు ఉంటుంది. ఈ జబ్బులో సోడియం దిగుతుంది, పొటాషియం ఎక్కుతుంది. కాని వాంతులు, విరేచనాలు అయినా సోడియం దిగుతుంది. అందుకని ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ చూస్తారు, రోజు మొత్తంలో అది ఎక్కువగా ఉండే వేళ అదే కాబట్టి. అది కూడా ఎటూ తేలకపోతే?

మన ప్రయోగశాలలో చేసే పనే చేస్తారు. సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఒక పరీక్షనాళికలో, లెడ్ నైట్రేట్ ద్రావణం ఒకదానిలో పోసి విలీన హైడ్రోక్లోరికామ్లం కలపండి. రెంటిలోనూ తెల్లని అవక్షేపమే. తెల్లనివన్నీ పాలు కావని పెద్దలు అన్నట్టు, ఎంతసేపు చూస్తూ కూర్చున్నా ఏది ఏదో తెలియదు. అమ్మోనియం హైడ్రాక్సైడ్ పోస్తే వెండిది కరిగిపోతుంది, సీసంది కరగదు. నీళ్లు పోసి వేడిచేస్తే సీసంది కరుగుతుంది, వెండిది అలాగే ఉంటుంది. చూడటంవల్ల తేలనిది, కదిలించి చూస్తే తేలింది. ఇక్కడా అంతే. కృత్రిమంగా తయారుచేసిన ఏసీటీహెచ్ 250 మైక్రోగ్రాములు ఇంజక్షనుగా ఇచ్చి అరగంటకో గంటకో మళ్లీ కార్టిసాల్ కొలుస్తారు. ఆరోగ్యమైన గ్రంథి ఆ తొందరపాటుకు లేచి పనిచేస్తుంది. ఒకప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తంలో 18 మైక్రోగ్రాములు దాటాలనేవారు. కొత్త పరీక్షా పద్ధతులు వచ్చాక ఆ హద్దు కొంచెం దిగింది. చెడిపోయిన గ్రంథి ఎంత పొడిచినా కదలదు. మా అమ్మాయిది కదల్లేదు. అయితే ఆ రాత్రి డాక్టరమ్మ పరీక్ష ఫలితంకోసం కూర్చోలేదు. రక్తం తీసి పక్కన పెట్టి, వెంటనే హైడ్రోకార్టిసోన్ ఇంజక్షను చేయించింది. పరిస్థితి విషమించినప్పుడు మందు ముందు, జవాబు తర్వాత.

మరి థైరాయిడ్ మాత్రతో జబ్బు ఎందుకు ముదిరింది? కార్టిసాల్ లోటు వల్లనే థైరాయిడ్ పరీక్షలో కొద్దిపాటి తేడా రావచ్చు. దాన్ని చూసి థైరాయిడ్ హార్మోన్ ఇస్తే ఒంట్లో అన్ని పనుల వేగమూ పెరుగుతుంది. ఉన్న కాస్త కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోతుంది. చమురు అడుగంటిన దీపానికి వత్తి పైకి ఎగదోసినట్టు. రెండు లోపాలూ నిజంగా ఉన్నప్పుడు కూడా ముందు కార్టిసాల్ ఇచ్చి తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్ కూడా కార్టిసాల్‌ను త్వరగా విరిచేస్తుంది.

ఇలాంటి పేచీ ఇంకొకటి ఉంది, అందులో మన తెలుగువాడి ప్రస్తావన వస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ సంస్థలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. ఎందరి రక్తహీనతనో నయం చేసిన మందు అది. కాని బి12 లోపంవల్ల వచ్చిన రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే, రక్తం బాగుపడుతుంది, నరాలు మాత్రం లోలోపల చెడిపోతూనే ఉంటాయి. రెండు లోపాల్లోనూ రక్తకణాలు ఒకేలా ఉబ్బి కనిపిస్తాయి. వేరుచేయకుండా మందిస్తే ఆనవాలు చెరిగిపోతుంది, జబ్బు మిగులుతుంది.

నలుపు లేని అధివృక్క లోపం కూడా ఉందని చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. గ్రంథి బాగానే ఉండి, దానికి ఆజ్ఞ ఇచ్చే పీయూష గ్రంథే చెడితే ఏసీటీహెచ్ ఉండదు, కాబట్టి నలుపూ ఉండదు. పైగా మనిషి పాలిపోతాడు. ఆల్డోస్టిరాన్ మరో దారిలో నడుస్తుంది కనుక ఉప్పు యావ కూడా ఉండదు. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన తల్లులకు ఇలా జరగవచ్చు. పొలాల్లో తిరిగే రక్తపింజరి పాము కరిచి బతికినవారిలో కొందరికి పీయూష గ్రంథి దెబ్బతిని, కొన్నేళ్ల తర్వాత ఈ నీరసం బయటపడుతుంది. మయన్మార్‌లోను, దక్షిణ భారతంలోను వైద్యులు దీన్ని నమోదుచేశారు. ఎప్పుడో కరిచిన పామును ఇప్పటి నీరసంతో ఎవరు ముడిపెడతారు? అడిగిన డాక్టరుకే తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మాత్రం మందులవల్ల వచ్చేది. ఉబ్బసానికో కీళ్లనొప్పులకో స్టిరాయిడ్ మాత్రలు వారాలు నెలల తరబడి మింగితే, తొట్టి నిండిందనుకుని బంతి కొళాయి మూసేస్తుంది. అధివృక్కాలు పని మరిచి నిద్రపోతాయి. ఒళ్లు బాగుందని ఒకనాడు మాత్రలు ఠక్కున ఆపేస్తే లోపల తయారయ్యేది లేదు, బయటినుంచి వచ్చేది లేదు. అందుకే అలాంటి మాత్రలను డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లమెల్లగా తగ్గిస్తారు. మీ ఇంట్లో తాతయ్యో నాయనమ్మో ఏదో పొట్లంలో కట్టిచ్చిన పేరు లేని "నొప్పుల బిళ్లలు" వాడుతుంటే, అవి ఏమిటో డాక్టరుకు చూపించమనండి.

మా అమ్మాయి మూడు వారాల్లో బడికి వచ్చింది. ఆమె శరీరంలోని రక్షక కణాలే పొరబడి అధివృక్కాలను పాడుచేశాయని తేలింది. రోజూ హైడ్రోకార్టిసోన్ మాత్రలు, ఉప్పు నిలవడానికి మరో చిన్న మాత్ర. జీవితాంతం వేసుకోవాలి. జ్వరం వస్తే మోతాదు పెంచుకోవాలి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఆలస్యం చేయకుండా ఇంజక్షను కావాలి. ఆ సంగతులన్నీ తెలుగులో, ఇంగ్లీషులో రాసిన ఒక అట్టముక్కను జామెట్రీ బాక్సులో పెట్టుకుని తిరిగేది. దాని నకలు ఒకటి నాకిచ్చింది. నా హాజరుపట్టీ అట్టలోపల అతికించుకున్నాను. పదో తరగతి పరీక్షల్లో రెండోరోజు జ్వరం వస్తే ఆ అట్ట చూసే వాళ్ల అమ్మ మాత్ర రెండింతలు చేసింది. లెక్కల పరీక్ష మూడు గంటలూ కూర్చుని రాసింది.